గోధుమ కంకి చెవిపోగులు, వరి కంకి లాకెట్: ఏ నాణేనికి చిల్లు పెట్టొచ్చు, దేనికి పెట్టకూడదు?

ఈరోజు ఫోన్ లేదు, యాప్ లేదు, ఏఐ గోల అసలే లేదు. టేబుల్ మీద చిల్లర పోసుకుని కూర్చున్నా. అది కూడా మన చిల్లర కాదు, పరాయి దేశాలది. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్ళ కోసం చేతిలో ఏముందో చెప్తూ పోతాను.

ఈ నాణేలన్నిటిలో ఒక కామన్ పాయింట్ ఉంది. ప్రతి దాని మీదా ఏదో ఒక పంట బొమ్మ ఉంటుంది. గోధుమ, వరి, వేరుశెనగ, చెరకు, కోకో... ఇలా. ఈమధ్య రీల్స్‌లో మీరు చూసే ఉంటారు, వీటితో చెవిపోగులు, లాకెట్లు, కీచైన్లు చేసి అమ్ముతున్నారు. మనవాళ్ళు కూడా, ముఖ్యంగా కాలేజీ పిల్లలు, హాస్టల్ రూమ్‌లో కూర్చుని చిన్న పేజీ పెట్టుకుని చేస్తున్నారు. చాలా బాగుంటాయి కూడా. కాకపోతే ఒక తేడా ఉంది. నేను ఐటీలో ఉన్నప్పుడు కోడ్ చెడితే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళం. నాణేనికి చిల్లు పడిందంటే వెనక్కి వెళ్ళేదేమీ లేదు. అందుకే డ్రిల్ మెషీన్ ఆర్డర్ పెట్టేముందు ఈ ఎపిసోడ్ చూడండి.

ముందు ఈ తెల్లదాన్ని చూడండి. ఇటలీ వాళ్ళ 10 లీరాలు. ఒకవైపు నాగలి, ఇంకోవైపు రెండు గోధుమ కంకులు. 1951లో మొదలుపెట్టి లీరా ఉన్నన్నాళ్ళూ ఇదే డిజైన్ నడిపారు. 2002లో యూరో నోట్లు, నాణేలు వచ్చాక లీరా కథ ముగిసింది. ఇది అల్యూమినియం, బరువు 1.6 గ్రాములు. మన రూపాయి బిళ్ళ కంటే కాస్త వెడల్పే, కానీ బరువు దాదాపు సగం. చెవులకి వేలాడేసుకునే వస్తువుకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? రోజంతా పెట్టుకున్నా చెవి తమ్మె లాగదు. పైగా కోట్లలో కొట్టారు కాబట్టి మామూలు సంవత్సరాలవి చాలా చవగ్గా దొరుకుతాయి.

దీనికి ముందు ఇంకో సెట్ ఉండేది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయి, రాజుని సాగనంపి, ఇటలీ రిపబ్లిక్ అయిన 1946లో మొదలైంది. 1 లీరా మీద నారింజ, 2 లీరాల మీద గోధుమ, 5 మీద ద్రాక్ష, 10 మీద ఆలివ్ కొమ్మ. దేశం చితికిపోయి ఉంది, జనం ఆకలి చూశారు, అప్పుడు నాణెం మీద రాజు మొహం తీసేసి తిండి పెట్టారు. నాకైతే ఆ సెట్ చాలా ఇష్టం. కానీ జాగ్రత్త. ఆ సెట్‌లో 1946, 1947 సంవత్సరాలవి అరుదు. 1947 అయితే మరీను. కిలో లెక్కన కొన్న మిక్స్‌లో అలాంటిది తగిలిందనుకోండి, దాన్ని చెవిపోగు చేస్తే మీ పేజీలో ఏడాది పొడుగునా వచ్చే లాభం ఆ ఒక్క చిల్లులోంచి జారిపోవచ్చు. అందుకే మొదటి రూల్: బొమ్మ చూసి మురిసిపోయే ముందు సంవత్సరం చదవండి. ఫోన్ కెమెరాలో జూమ్ చేసినా సరిపోతుంది.

పంటని నాణెం మీద వేయడం కొత్త ఐడియా ఏమీ కాదు. దక్షిణ ఇటలీలోనే మెటపాంటమ్ అని ఒక గ్రీకు పట్టణం ఉండేది. క్రీస్తుకి 500 ఏళ్ళ ముందే వాళ్ళు వెండి నాణెం మీద బార్లీ కంకి కొట్టుకున్నారు. లిబియా తీరంలో సైరీన్ అనే ఊరివాళ్ళు సిల్ఫియం అనే మొక్కని వేసుకున్నారు. ఆ మొక్క అమ్మకంతోనే ఊరు బాగుపడింది. తర్వాత ఆ మొక్కే కనిపించకుండా పోయింది. నాణెం మీద బొమ్మ మాత్రం మిగిలింది.

సరే, ఇప్పుడు నాకు బాగా నచ్చినదాని దగ్గరికి వద్దాం. జపాన్ 5 యెన్. పసుపు రంగు, ఇత్తడి. మధ్యలో 5 మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లు. చిల్లు చుట్టూ పళ్ళచక్రం, దాని కింద అడ్డగీతలు, పైకి వంగి ఒక వరి కంకి. చక్రం అంటే పరిశ్రమ, గీతలు అంటే నీళ్ళు, చేపల వేట, కంకి అంటే వ్యవసాయం. ఒక్క అంగుళం కూడా లేని బిళ్ళ మీద మొత్తం దేశం బతుకుతెరువు పెట్టేశారు. బరువు 3.75 గ్రాములు. ఇంకో విషయం, జపాన్‌లో ఇప్పుడు వాడే నాణేల్లో అంకె లేనిది ఇదొక్కటే. విలువ జపనీస్ అక్షరాల్లోనే ఉంటుంది. అందుకే కొత్తగా వెళ్ళినవాళ్ళు దీన్ని చూసి తికమకపడతారు.

ఆ కంకి వంపు చూడండి ఒకసారి. మాది తెనాలి వైపు, ఇంట్లో వరే వేస్తాం. గింజ పాలు పోసుకుని బరువెక్కాక కంకి ఎలా తల వంచుతుందో అచ్చం అలాగే ఉంది. డిజైన్ గీసినవాళ్ళు చేలో నిలబడి చూసినవాళ్ళే అయ్యుంటారని నా అనుమానం.

జపాన్ వాళ్ళు దీన్ని అదృష్టం అనుకుంటారు. ఎందుకంటే 5 యెన్‌ని వాళ్ళు 'గో ఎన్' అంటారు, మనుషుల మధ్య కుదిరే మంచి బంధానికి కూడా అదే మాట. గుడికి వెళ్తే ఇదే వేస్తారు. మనం చదివింపులకి నూటపదహార్లు చూసుకుంటాం కదా, అలాంటి పట్టింపే. మన డబ్బుల్లో చూస్తే సుమారు మూడు రూపాయలు. లాకెట్‌గా పిచ్చి పాపులర్.

ఇప్పుడు అసలు విషయం. జపాన్‌లో 1947 నాటి చట్టం ఒకటి ఉంది. నాణేన్ని పాడుచేసినా, కరిగించినా ఏడాది వరకు జైలు, లేదా రెండు లక్షల యెన్‌ల వరకు జరిమానా. అంటే అక్కడ కూర్చుని ఈ నాణేన్ని రంపంతో కోయడం, ఇంకో చిల్లు పెట్టడం నేరం. చదువుకని, ఉద్యోగమని మనవాళ్ళు జపాన్ వెళ్తున్నారు కాబట్టి చెప్తున్నా. అక్కడి రూమ్‌లో కూర్చుని 'డీఐవై' వీడియో తీసి పెట్టకండి. అసలు అవసరం కూడా లేదు కదా! చిల్లు వాళ్ళే ఇచ్చారు. నల్ల దారమో, ఎర్ర దారమో ఆ చిల్లులోంచి తీసి ముడి వేయండి, అంతే. నాణేనికి గీత కూడా పడదు. రేపు బోర్ కొడితే దారం తీసేస్తే మళ్ళీ నాణెమే. ఈ మొత్తం టేబుల్ మీద బిగినర్స్‌కి నేను సజెస్ట్ చేసేది ఇదే.

ఒక్క మెలిక ఉంది. 2011, 2012, 2013 సంవత్సరాల్లో 5 యెన్‌ని మార్కెట్లోకి వదల్లేదు, కలెక్టర్ల సెట్లలో పెట్టడానికి మాత్రమే కొద్దిగా కొట్టారు. జపాన్ నాణెం మీద సంవత్సరం వాళ్ళ చక్రవర్తి శకం ప్రకారం ఉంటుంది. హెయ్‌సెయ్ 23, 24, 25 అన్నమాట. అవి దొరికితే దారం కూడా కట్టకండి, పక్కన పెట్టండి.

అమెరికా దగ్గరికి వద్దాం. దీన్ని వాళ్ళు వీట్ పెన్నీ అంటారు. ఒకవైపు లింకన్, వెనక రెండు గోధుమ కంకులు. 1909 నుంచి 1958 వరకు. 95 శాతం రాగి. రాగి అంటే రంగు, అందం రెండూ ఉంటాయి, పాతబడేకొద్దీ ఇంకా బాగుంటుంది. మీ అక్కో బావో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే, ఇంట్లో ఓ గాజు సీసా నిండా పెన్నీలు ఉండే ఉంటాయి. ఈసారి వచ్చేటప్పుడు చాక్లెట్లతో పాటు ఆ సీసా కూడా ఓసారి వెతకమనండి. పెన్నీ ఇక అక్కడ కూడా చరిత్రే. 2025 నవంబర్‌లో వాడకం కోసం కొట్టే చివరి పెన్నీలు కొట్టి ఆపేశారు.

అమెరికా చట్టం జపాన్‌లాంటిది కాదు. మోసం చేసే ఉద్దేశంతో నాణేన్ని మారిస్తేనే నేరం. లాకెట్ చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. కరిగించడం మాత్రం వేరే సంగతి, లోహం కోసం పెన్నీలు కరిగించడం అక్కడ నిషేధం.

1940లు, 50లలో ఈ వీట్ పెన్నీలు లెక్కలేనన్ని కొట్టారు కాబట్టి అవి చిల్లు పెట్టడానికి పర్లేదు. మొదటి ఏడాది 1909లో శాన్ ఫ్రాన్సిస్కోలో కొట్టినవాటిలో, వెనక కింద అంచున చెక్కినాయన పొడి అక్షరాలు ఉన్నవి 4,84,000 మాత్రమే. అది కలెక్టర్ల కలల నాణెం. ఇంకోటి 1943. యుద్ధంలో రాగి అవసరమని ఆ ఏడాది ఉక్కు మీద జింక్ పూత వేసి పెన్నీలు కొట్టారు. తెల్లగా ఉంటాయి, అయస్కాంతానికి అతుక్కుంటాయి. పొరపాటున మిషన్లో మిగిలిపోయిన రాగి బిళ్ళల మీద అచ్చు పడి, 1943 రాగి పెన్నీలు కొన్నే కొన్ని బయటికి వచ్చాయి. వాటి ధర లక్షల్లో. అందుకే దొంగవి కూడా బోలెడు. ఉక్కు పెన్నీకి రాగి పూత పూసి అమ్ముతారు. ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసి పెట్టండి. అతుక్కుందంటే దొంగది. అతుక్కోలేదంటే అసలుదని మాత్రం అనుకోకండి. 1948లో ఎనిమిదిని అరగదీసి మూడు చేసిన మహానుభావులు ఉన్నారు. దానికి అయస్కాంతం పనిచేయదు.

దీనికీ మనకీ ఏంటి సంబంధం అంటారా? ఉంది. ఇదే టైప్ మోసం మన వాట్సాప్‌లో తెలుగులో తిరుగుతోంది. 'మీ దగ్గర ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటు ఉందా? లక్షలు మీవే!' అని. చూసే ఉంటారు. ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడతారు. ఫోటో పంపమంటారు. ఎనిమిది లక్షలకి ఫిక్స్ అయిందంటారు. తర్వాత రిజిస్ట్రేషన్ అని ఓ రెండు వేలు, జీఎస్టీ అని ఓ ఎనిమిది వేలు, రిజర్వ్ బ్యాంక్ సర్టిఫికెట్ అని ఇంకో పదిహేను వేలు. ఇలా పోతూనే ఉంటుంది. పోగొట్టుకునేది ఎవరు? మన ఇంట్లో పెద్దవాళ్ళే. బీరువాలో పాత చిల్లర దాచుకున్నవాళ్ళు వాళ్ళే కదా. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది, మేము పాత నోట్లు, నాణేల వ్యాపారం చేయం, దాని కోసం ఎవరి దగ్గరా కమీషన్ అడగం, మా పేరు వాడుకోమని ఎవరికీ చెప్పలేదు అని. ఈ ముక్క మీ ఇంట్లో నాన్నకో, తాతయ్యకో ఈరోజే చెప్పండి. ఒకవేళ డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే ఛాన్స్ అంత ఎక్కువ.

అలాగే, మన నాణేలతో నగలు చేయొచ్చా అనే డౌట్. మన దగ్గర కూడా పంట నాణేలున్నాయి. స్వతంత్రం వచ్చాక 1950 సిరీస్‌లో రూపాయి మీద పులిని తీసేసి ధాన్యపు కంకి పెట్టారు. 1970లో 'అందరికీ ఆహారం' పేరుతో తామరపువ్వు ఉన్న 20 పైసల బిళ్ళ వచ్చింది. కానీ 2011 నాటి కాయినేజ్ చట్టం ప్రకారం మన ప్రభుత్వ నాణేల్ని కరిగించడం, ధ్వంసం చేయడం నేరం. ఏడేళ్ళ వరకు జైలు పడొచ్చు. కాబట్టి వాటి మీద రంపం పెట్టకండి. ఆల్బమ్‌లో దాచుకోండి. తేదీ కింద చిన్న నక్షత్రం కనిపిస్తే అది మన హైదరాబాద్ మింట్‌లో పుట్టింది, అది చూసి సంతోషపడండి. ఇంకోటి, ఇంట్లో నిజాం కాలం నాటివో, ఈస్ట్ ఇండియా కంపెనీవో వందేళ్ళు దాటినవి ఉంటే, వాటిని విదేశాలకి అమ్మడం కుదరదు. పురావస్తువుల కింద లెక్క.

'మరి కాసుల పేరు సంగతేంటి బ్రో?' అంటారు కదా. కరెక్టే. కాసు అంటేనే నాణెం. నాణేన్ని మెడలో వేసుకోవడం మనకి ఎవరూ రీల్స్‌లో నేర్పలేదు. మా అమ్మమ్మ కాసుల పేరులో ఉన్నవి లక్ష్మీదేవి అచ్చు కొట్టిన బంగారు బిళ్ళలు, అవి డబ్బుగా చెలామణి అయినవి కావు. ఇప్పుడు షాపుల్లో దొరికేవీ అవే. లంబాడీ తండాల్లో అయితే పెద్దవాళ్ళ నగల్లో, రవికల మీద నిజంగా చెలామణి అయిన పాత నాణేలే కనిపిస్తాయి. వాటికి కొక్కెం అతికించి ఉంటుంది. కలెక్టర్లు అలాంటి దాన్ని చూడగానే 'నగలోంచి తీసింది' అని ధర తగ్గించేస్తారు. వాళ్ళ కోణంలో అది నిజమే. కానీ ఆ నగ వేసుకున్న మనిషికి ఆ ధరతో పనేంటి? నేను ఇద్దరి పక్షానా ఉంటా. అరుదైనదైతే కలెక్టర్ మాట వింటా, మామూలుదైతే నగ చేసేవాళ్ళ పక్షం.

అసలు ఇన్ని దేశాల నాణేల మీద పంటలెందుకు ఉన్నాయి అంటే, చాలావాటి వెనక ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఉంది. దానికి అప్పట్లో డైరెక్టర్ జనరల్ మనవాడే, బినయ్ రంజన్ సేన్. 1960లో ఆకలి మీద ఒక ప్రపంచ ఉద్యమం మొదలుపెట్టారు. ఆ తర్వాత 1968 నుంచి దేశాలతో ఇలా నాణేలు కొట్టించడం మొదలైంది. పోస్టర్ వేస్తే కొందరే చూస్తారు, చిల్లర బిళ్ళ అందరి చేతుల్లోకీ వెళ్తుంది. ఇదిగో గాంబియా 1 బుటుట్, వేరుశెనగ కాయలు. అనంతపురం వాళ్ళకి గిఫ్ట్ ఇవ్వాలంటే ఇదే. సీషెల్స్ 1972 నాటి 5 సెంట్ల మీద క్యాబేజీ, తర్వాత వచ్చిన 5 సెంట్ల మీద కర్రపెండలం, అదే మన సగ్గుబియ్యం వచ్చే దుంప. ఘనా వాళ్ళవాటి మీద కోకో.

వీటిని దాటుకుని ఈ ఏడు మూలల నాణెం దగ్గర కాసేపు ఆగుతా. మారిషస్ 10 రూపాయలు. అవును, వాళ్ళదీ రూపాయే. 1997లో వచ్చింది. ఒకవైపు సీవూసాగర్ రామ్‌గులామ్, ఇంకోవైపు చెరకు కోత.

1834 నుంచి మొదలుపెట్టి దాదాపు 5 లక్షల మందిని మన దేశం నుంచి ఆ దీవికి కూలి ఒప్పందాల మీద ఓడలెక్కించారు. బానిసత్వం రద్దయింది, చెరకు తోటల్లో పనికి మనుషులు కావాలి, అందుకు. అందులో మన తెలుగువాళ్ళు ఉన్నారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి వెళ్ళారు కాబట్టి వాళ్ళని అక్కడ కోరంగివాళ్ళు అనేవారు. ఈరోజు మడ అడవులు చూడటానికి బోటింగ్‌కి వెళ్తామే, ఆ కోరంగే. వెళ్ళినవాళ్ళు ఆ తోటల్లోనే ఉండిపోయారు. ఇప్పటికీ మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది, బడుల్లో తెలుగు చెప్తారు.

సో, ఈ నాణెం మీద ఉన్నది డిజైన్ మాత్రమే కాదు నాకు. ఆ చెరకు నరికిన చేతుల్లో కొన్ని మన గోదావరి వైపు చేతులు. దీన్ని మాత్రం నేను డ్రిల్ చేయను. పైగా ఇది ఇంకా చెలామణిలో ఉన్న డబ్బు. లాకెట్ చేయాలనుకుంటే చిల్లు లేకుండా చుట్టూ చట్రం బిగించే పద్ధతి ఉంది, అదే చెప్పబోతున్నా.

నాణెం సైజుకి సరిపోయే గుండ్రటి చట్రాలు దొరుకుతాయి, పైన చిన్న స్క్రూ ఉంటుంది. నాణెం లోపల పెట్టి స్క్రూ తిప్పితే బిగుసుకుంటుంది. ఏడు మూలల వాటికి గుండ్రటిది సరిగ్గా కూర్చోదు, మీ ఊళ్ళో వెండి పని చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే కొలత తీసుకుని చేసిస్తారు. వేడి తగలకుండా, అతుకు వేయకుండా చేయమని ముందే చెప్పండి.

మామూలు నాణేనికి చిల్లే పెట్టాలి అంటే, చెక్క మీద పెట్టి టేప్ వేసి కదలకుండా బిగించండి. మేకులాంటి దానితో చిన్న గుంట కొట్టి, అక్కడ చుక్క నూనె వేసి, 1 మిల్లీమీటర్ బిట్‌తో నెమ్మదిగా. కళ్ళద్దాలు కచ్చితంగా. నాణేన్ని చేత్తో పట్టుకుని డ్రిల్ చేయకండి, బిట్ ఇరుక్కుంటే నాణెం బ్లేడులా తిరుగుతుంది. 1982 తర్వాతి అమెరికా పెన్నీల లోపల ఉండేది జింక్, వాటిని మంట దగ్గరికి తీసుకెళ్ళకండి, త్వరగా కరుగుతుంది, పొగ మంచిది కాదు.

చిల్లు ఎక్కడ పెట్టాలి అనేది చాలామంది ఆలోచించరు. అమెరికా నాణేన్ని పుస్తకం పేజీలా పక్కకి తిప్పి చూడండి, వెనక బొమ్మ తలకిందులుగా వస్తుంది. జపాన్‌ది తిప్పితే నిటారుగానే వస్తుంది. అంటే వీట్ పెన్నీకి గోధుమ వైపు పైన చిల్లు పెడితే, మెడలో అది తిరిగినప్పుడల్లా లింకన్ గారు శీర్షాసనం వేస్తారు. ఏ వైపు ముఖ్యమో ముందే డిసైడ్ అవ్వండి.

క్లీనింగ్. దయచేసి చింతపండు వద్దు. ఇత్తడి బిందెకి ఓకే, నాణేనికి కాదు. మెరుస్తుంది నిజమే, కానీ ఆ పులుపు పై పొరని తినేస్తుంది, కలెక్టర్ ఒక్క చూపులో కనిపెట్టేస్తాడు. గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క సబ్బు, మెత్తటి గుడ్డతో అద్దడం. అంతే. రాగి, ఇత్తడి చెమట తగిలితే చర్మం మీద పచ్చగా మరక పడుతుంది. వెనకవైపు పారదర్శక వార్నిష్ పల్చగా వేస్తే తగ్గుతుంది. తెల్లటి నాణేల్లో చాలావాటిలో నికెల్ ఉంటుంది, కొందరికి దురద పుడుతుంది. చెవిపోగులైతే కొక్కేలు మాత్రం వెండివి వాడండి, ఆ ఖర్చు దగ్గర కక్కుర్తి పడొద్దు.

అమ్మేవాళ్ళకి ఒక మాట. ప్రతి పీస్‌తో చిన్న కార్డు పెట్టండి, ఏ దేశం, ఏ సంవత్సరం, ఏ లోహం, మీద ఏ పంట అని. నకలు బిళ్ళ అయితే నకలు అనే రాయండి. 1980ల నాటి లీరాకి 'యాంటిక్' అని పెట్టి నాలుగింతలు లాగకండి. కొన్నవాళ్ళు గూగుల్ లెన్స్ పెడితే పది సెకన్లలో తెలిసిపోతుంది.

ఇంకా టేబుల్ మీద ఫ్రాన్స్ 1 ఫ్రాంక్ ఉండిపోయింది, విత్తనాలు చల్లుకుంటూ నడిచే అమ్మాయి బొమ్మ. ఆ బొమ్మ గీసిన ఆస్కార్ రోటీ గురించి, ఆమె ఇప్పటి ఫ్రాన్స్ యూరో సెంట్ల మీదకి ఎలా వచ్చిందో అనే దాని గురించి విడిగా చేద్దాం, దీంట్లో ఇరికిస్తే అన్యాయం అయిపోతుంది. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.